కూర్చుని తిన్న ముద్ద

ఆపరేషన్ అయిన ఆరో వారంలో డైటీషియన్ నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, మా ఫైనలియర్ పిల్లల్లాగే ఉంది. కాగితం మీద పది వాక్యాలున్నాయి. కూర్చుని తినండి. చిన్న ముద్దలు పెట్టుకోండి. ప్రతి ముద్దా ఇరవైసార్లు నమలండి. ఒక ముద్ద పూర్తిగా దిగాకే ఇంకో ముద్ద తీసుకోండి. ముందు పప్పు, గుడ్డు, చేప, తర్వాత కూర, ఆఖరున అన్నం. తింటూ నీళ్ళు తాగకండి. మధ్యలో చిరుతిళ్ళు వద్దు. తీపి పానీయాలు, గ్యాస్ డ్రింకులు వద్దు. కడుపు చాలంటే ఆపేయండి, కంచంలో మిగిలినా సరే. రోజూ నడవండి, చెప్పిన తేదీకి చెకప్‌కి రండి.

"ఇవన్నీ తేలికే కదా మేడమ్" అంది ఆ అమ్మాయి.

చదవడానికి తేలికే. గుంటూరు వెళ్ళే రాత్రి రైల్లో ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆ పదింటిలో ఒక్కటి కూడా నా నలభై ఒక్కేళ్ళ జీవితంలో నేను చేసిన పని కాదు. మా అమ్మ చేసిన పనీ కాదు, మా అత్తయ్య చేసిన పనీ కాదు. మా ఇంట్లో ఈ పద్ధతిలో అన్నం తిన్న మనుషులు లేకపోలేదు. మా నాన్న కూర్చునే తినేవారు. మా మామయ్యగారు ముద్ద ముద్దకీ ఆగి, పేపరు చదువుతూ, చాలనుకున్నప్పుడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచేవారు. గ్యాస్ట్రిక్ బ్యాండ్ వేయించుకున్న ఆడమనిషి పాటించాల్సిన నియమాలని డైటీషియన్ ఇచ్చిన కాగితంలో సగం, మా ఇళ్ళల్లో మగవాళ్ళు పుట్టిన దగ్గర్నించీ పాటిస్తున్నవే.

ఇది 2009 నాటి సంగతి. ఇన్నేళ్ళుగా దీని గురించి ఎక్కడా రాయలేదు. రాయకపోవడానికి కారణం సిగ్గు. దాని సంగతి తర్వాత చెప్తాను.

అప్పుడు నా బరువు 104 కిలోలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. ముప్ఫై ఎనిమిదో ఏట షుగర్ వచ్చింది. రెండో అంతస్తులో క్లాసుంటే మెట్ల మలుపులో ఆగి, నోట్సు చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. రాత్రుళ్ళు ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. ఇవన్నీ భరిస్తూనే ఉన్నాను. కానీ మా అమ్మకి అరవయ్యో ఏట షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. కట్టు విప్పుతుంటే అమ్మ నా పాదాల వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ చూపే నన్ను హైదరాబాదు తీసుకెళ్ళింది.

అంతకు ముందు నేను చేయని డైటింగ్ లేదు. కీర దోసకాయలు, ఓట్లు, ఉపవాసాలు, తేనె నిమ్మరసం. ప్రతిసారీ పది కిలోలు తగ్గడం, పన్నెండు కిలోలు పెరగడం. మనకి సంకల్పబలం లేదనే మాట నేనూ నమ్మాను. అంతటి బరువు దగ్గర శరీరమే ఆకలిని పెంచి, ఖర్చుని తగ్గించి, పోయిన బరువుని తిరిగి తెచ్చుకుంటుందని నాకు మొదటిసారి చెప్పింది సర్జనే. ఆ ఒక్క మాటకి ఆయన గదిలో ఏడ్చేశాను.

బ్యాండ్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కడుపు కోసి చిన్నది చేస్తారనుకుంటారు. అది వేరే ఆపరేషన్. ఇందులో కోసి తీసేసేది ఏమీ ఉండదు. జీర్ణాశయం పైభాగం చుట్టూ ఒక సిలికాన్ పట్టీ తొడుగుతారు, నడుముకి వడ్డాణంలాగా. పట్టీకి పైన చిన్న సంచిలాంటి భాగం మిగులుతుంది. పట్టీ లోపలి వైపు ఒక ట్యూబు ఉంటుంది, దాన్నించి వచ్చే సన్నని గొట్టం పొట్ట చర్మం కింద అమర్చిన బిళ్ళకి కలుస్తుంది. దాన్ని పోర్టు అంటారు. చర్మం మీంచి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసేస్తే వదులవుతుంది. లాప్రోస్కోపీ ద్వారా ఈ సర్దుబాటు బ్యాండ్ వేయడం 1993లో బెల్జియంలో మొదలైంది. అమెరికాలో 2001లో అనుమతి వచ్చింది. నేను వేయించుకునే నాటికి మన నగరాల్లోనూ వేస్తున్నారు.

నా పొట్ట మీద ఐదు చిన్న గాట్లు పడ్డాయి. రెండు వారాలు ద్రవాలు, తర్వాత రెండు వారాలు మెత్తగా జావలా చేసినవి, ఆ తర్వాత మెత్తని ఆహారం. ఆరో వారంలో మొదటిసారి సెలైన్ ఎక్కించారు. అప్పుడే ఆ కాగితం ఇచ్చారు.

బ్యాండ్ తిండిని ఆపే తాళం అనుకున్నాను. కాదు. ముద్ద ఆ ఇరుకులోంచి జారుతున్నప్పుడు పట్టీ అక్కడి నరాల్ని నొక్కుతుంది. ఇక చాలు అన్న కబురు మెదడుకి అందుతుంది. ఒక్కో ముద్ద దిగడానికి నిమిషం దాకా పట్టవచ్చు. ఆ నిమిషం ఆగితేనే కబురు వినిపిస్తుంది. ఆగకుండా రెండో ముద్ద తోస్తే కబురు బదులు నొప్పి వస్తుంది. అంటే నియమాలు పాటించనివాళ్ళకి బ్యాండ్ ఒక శిక్షే తప్ప సాయం కాదు. ఆపరేషన్ గంట సేపటి పని. ఆ నిమిషం ఆగడం మాత్రం జీవితకాలపు పని.

ఆ నిమిషం నాకెక్కడిది?

మా ఇంట్లో ఉదయం దోసెలు. పెనం మీంచి ఒక్కొక్కటీ వేడివేడిగా వెళ్ళాలి. "అమ్మా, ఇంకోటి" అని ఒకరు, "చట్నీ అయిపోయింది" అని ఇంకొకరు. ఆఖరి రెండు దోసెలూ, అంచులు మాడినవీ, పొయ్యి దగ్గర నిలబడి, చేత్తోనే మడిచి మూడు నిమిషాల్లో మింగేసి బస్సు కోసం పరిగెత్తేదాన్ని. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతూ బాక్సు. రాత్రి అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది. పావు గరిటె పప్పు ఫ్రిజ్‌లో పెట్టడానికి తక్కువ, పారేయడానికి ఎక్కువ. అది నా కడుపులోకే పోయేది. పిల్లలు వదిలిన పెరుగన్నం కూడా. నా 104 కిలోల్లో ఎన్ని కిలోలు నా ఆకలి, ఎన్ని కిలోలు ఇంటి మిగులు?

బ్యాండ్ వేయించుకున్న మొదటి నెలల్లో నిలబడి తిన్న ప్రతిసారీ ముద్ద ఛాతీలో రాయిలా ఆగింది. నోటి నిండా జిగురులాంటి ఉమ్మి ఊరి, చివరికి సింకు దగ్గరికి పరుగు. వారం రోజుల తర్వాత ఇంట్లో చెప్పేశాను. "ఇక నేను మీతో పాటే కూర్చుంటాను. ఇరవై నిమిషాలు లేవను."

"మరి దోసెలెవరు వేస్తారు?" అన్నారు మా అత్తయ్య. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగా తెలియకే అడిగారు. ఆవిడ యాభై ఏళ్ళు ఆ పెనం ముందు నిలబడ్డ మనిషి.

"అన్నీ వేసి హాట్‌బాక్సులో పెడదాం అత్తయ్యా."

"చల్లారిపోతాయే!"

ఆ చల్లారిన దోసెల మీద మా ఇంట్లో నెల రోజులు యుద్ధం జరిగింది. మా ఆయన మాట సాయం చేశారు. చెయ్యి సాయం ఏడాది పట్టింది. ఒకరోజు మా అత్తయ్య కూడా కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. "నమలడం చూస్తుంటే నాకూ నిదానంగా తినాలనిపిస్తోందే" అన్నారు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి మేమిద్దరం ఒకేసారి కూర్చుని తిన్నాం.

ఇక్కడితో ఆపేస్తే బావుంటుంది, కానీ కథ అంత బాగా లేదు. పొద్దున్న వంటకి ఒకామెని పెట్టుకున్నాం. ఆమె దోసెలు వేస్తే నేను కూర్చున్నాను. కొన్నాళ్ళకి గమనించాను. అందరం లేచాక ఆమె గట్టు దగ్గర నిలబడి, చల్లారిన రెండు దోసెల్ని మడిచి మింగేస్తోంది. అచ్చం నాలాగే. కూర్చుని తినమన్నాను. "నేను కూర్చుంటే ఇంకా రెండిళ్ళున్నాయమ్మా, అవెవరు చేస్తారు?" అంది. నా ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో ఆ రోజు తెలిసింది. జీతం పెంచాం, రావాల్సిన టైము అరగంట జరిపాం, ఆమె ఇప్పుడు మా ఇంట్లో కూర్చునే తింటుంది. మిగతా రెండిళ్ళలో ఏం చేస్తుందో నాకు తెలుసు. నిదానంగా తినమని ఆడవాళ్ళకి సలహా ఇచ్చే ప్రతివాళ్ళూ, ఆ నిదానానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారో కూడా చెప్పాలి.

మిగతా నియమాలు ఒక్కొక్కటీ ఒక్కో పాఠం నేర్పాయి. నీళ్ళు తాగకుండా తినడం ఎందుకంటే, నీళ్ళు ముద్దని కడిగేసి కిందికి జార్చేస్తాయి, నిండిన భావన రాదు. తిన్నాక అరగంట ఆగాలి. మన గొంతులేమో పొలమారగానే గ్లాసుకోసం వెతుకుతాయి. మునక్కాయ పీచు, బ్రెడ్డు, ముద్ద కట్టిన అన్నం, ఎండిన మాంసం నా బ్యాండ్‌కి సరిపడవు. పప్పు, గుడ్డు, పులుసులో చేప, పెసరట్టు, పెరుగు బాగా దిగుతాయి. జొన్నరొట్టె చిన్న చిన్న తుంపులు చేసి పప్పులో నానేస్తే ఫరవాలేదు. చాలన్న కబురు ఒక్కొక్కరికి ఒక్కో విధంగా వస్తుందట. నాకు ఎక్కిళ్ళు. ఒక్క ఎక్కిలి రాగానే చెయ్యి కడుక్కోవాలి. నాలుగో నెలలో జుట్టు ఊడింది. మాంసకృత్తులు సరిగ్గా తింటూ, విటమిన్ మాత్రలు మానకుండా వేసుకుంటే కొన్ని నెలలకి మళ్ళీ వచ్చింది.

అన్నిటికంటే కష్టం, వద్దనడం. మా పినతల్లి కూతురి పెళ్ళిలో బంతిలో కూర్చోబెట్టారు. "ఒక్క బూరె, నా మీద ఒట్టు" అంటూ మేనత్త ఆకులో వేసింది. పెద్దావిడ మాట తీసెయ్యలేక తిన్నాను. రెండో ముద్దకే ఛాతీ పట్టేసింది. లేచి పరిగెత్తి వాంతి చేసుకుని వచ్చేసరికి ఆడవాళ్ళందరూ గుసగుసలు. నలభై రెండేళ్ళకి నాకు నెల తప్పిందని పెళ్ళిపందిరంతా పాకిపోయింది! ఆడదాని వాంతికి మన దగ్గర ఒకటే అర్థం మరి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మన ప్రేమంతా కొసరి వడ్డించడంలో ఉంటుంది. వద్దంటే ప్రేమని వద్దన్నట్టు. "అత్తా, నువ్వు పక్కన కూర్చో చాలు" అనడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళలో 22 కిలోలు తగ్గాను. షుగర్ మాత్రలు సగమయ్యాయి. మెట్ల మలుపులో ఆగడం మానేశాను. 82 దగ్గర ముల్లు నిలిచిపోయింది. బ్యాండ్‌తో సగటున తగ్గే బరువు ఇంతేనని, అదనపు బరువులో సగం తగ్గితే మంచి ఫలితమని సర్జన్ ముందే చెప్పారు. నాకు చాలలేదు. అందరూ "ఇంకొంచెం తగ్గితే ఎంత బావుంటావో" అంటుంటే ఆశపడ్డాను. 2012లో పట్టీ ఇంకా బిగించమని నేనే పట్టుబట్టాను.

అప్పుడు తెలిసింది బ్యాండ్ అసలు తత్వం. బాగా బిగిస్తే గుడ్డు దిగదు, కూర దిగదు, రొట్టె దిగదు. ఐస్‌క్రీమ్ దిగుతుంది. బాదంపాలు దిగుతాయి, హల్వా దిగుతుంది. ఒంటికి కావలసినవి గుమ్మంలో ఆగిపోయి, అక్కర్లేనివి దొడ్డిదారిన వచ్చేస్తాయి. నేను సాయంత్రాలు తలుపేసుకుని స్పూనుతో ఐస్‌క్రీమ్ తిన్నాను. బరువు తగ్గలేదు సరికదా, రాత్రుళ్ళు దగ్గు, గొంతులోకి పులుపు, రోజుకి రెండు వాంతులు. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే, పట్టీ పైన ఉన్న సంచి ఉబ్బిపోయి కనిపించింది. ఇంకొన్నాళ్ళు ఆగితే పట్టీ జారి మళ్ళీ ఆపరేషన్ దాకా వెళ్ళేదన్నారు. సెలైన్ అంతా తీసేశారు. ఆరు వారాల తర్వాత కొద్దికొద్దిగా, మునుపటికంటే తక్కువే ఎక్కించారు. చెప్పిన తేదీకి చెకప్‌కి రమ్మన్న పదో వాక్యం ఎందుకుందో అప్పుడర్థమైంది. పిల్లల పరీక్షలు, అత్తయ్య కళ్ళ ఆపరేషన్, కాలేజీలో తనిఖీ అంటూ నేను వరసగా వాయిదా వేసింది ఆ ఒక్క తేదీనే. ఇంట్లో అందరి మందుల టైములూ నోటికొచ్చిన మనకి మన డాక్టరు తేదీ మాత్రమే ఎందుకు గుర్తుండదు?

ఇక సిగ్గు సంగతి.

ఆపరేషన్ అయిన ఏడాదే ఒక సదస్సులో, స్త్రీల శరీరాల మీద మార్కెట్ పెత్తనం గురించి పేపరు చదివాను. సూసీ ఆర్బాక్ 1978లో రాసిన 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ' నుంచి మొదలుపెట్టి, ఫెయిర్‌నెస్ క్రీముల దాకా వచ్చాను. చప్పట్లు కొట్టారు. చీర కుచ్చిళ్ళ పైన, చర్మం కింద, పోర్టు బిళ్ళ గుచ్చుకుంటూనే ఉంది. సన్నబడ్డానేమిటని ఒకరడిగితే "షుగర్ కదా, నడుస్తున్నాను" అన్నాను. విషయం తెలిసిన ఒకే ఒక్క స్నేహితురాలు ఆ రాత్రి నిలదీసింది. "శరీరాన్ని ఉన్నట్టు ప్రేమించమని పిల్లలకి చెప్తావు. నువ్వేమో కత్తి కింద పడుకున్నావు. ఎవర్ని మోసం చేస్తున్నావే?"

జవాబు చెప్పలేకపోయాను. చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. ప్రపంచవ్యాప్తంగా ఈ సర్జరీలు చేయించుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అందులో ఆరోగ్యం పాలెంత, అద్దం పాలెంత అన్న ప్రశ్న ముఖ్యమైనదే. నాలో కూడా రెండూ ఉన్నాయి. 2009లో ఆపరేషన్ బల్ల ఎక్కించింది అమ్మ కాలు. 2012లో పట్టీ బిగించమన్నది మాత్రం అద్దమే. మొదటిదాని వల్ల బాగుపడ్డాను, రెండోదాని వల్ల దెబ్బతిన్నాను. ఈ తేడాని నా స్నేహితురాలికి ఆ రోజే చెప్పగలిగి ఉంటే బావుండేది. నేను చేసిన మోసం ఆపరేషన్ చేయించుకోవడం కాదు, దాచడం. నడిచి తగ్గానని నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి, నడిచినా తగ్గని ఏ అమ్మాయి తనని తాను తిట్టుకుందో!

లావు మన దగ్గర తిన్నింటి జబ్బు అని తీసిపారేయడం కూడా కుదరదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో స్త్రీలలో 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దాదాపు 19 శాతం ఉండాల్సిన దానికంటే తక్కువ ఉన్నారు. 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆఖరున తినేవాళ్ళకి కూర అడుగంటుతుంది, పప్పు పలచబడుతుంది, అన్నం మాత్రం మిగులుతుంది. అన్నంతో కడుపు నింపుకున్న ఒళ్ళు లావెక్కుతుంది, రక్తం పలచనవుతుంది. లావుగా ఉన్న స్త్రీ బాగా తిన్న స్త్రీ కాదు. నాకు 104 కిలోలున్న రోజుల్లో హిమోగ్లోబిన్ తొమ్మిది.

2016లో అమ్మ పోయింది. ఏడాదిలో 7 కిలోలు పెరిగాను. బ్యాండ్ చెడిపోలేదు. అమ్మ చేసే సున్నుండలు నేనే చేసుకుని, అమ్మ లేని ఇంట్లో పగలంతా కొద్దికొద్దిగా తిన్నాను. మెత్తగా పొడిపొడిగా జారిపోయే సున్నుండకి ఏ పట్టీ అడ్డురాదు. బ్యాండ్‌కి ఆకలి సంగతి తెలుసు, దుఃఖం సంగతి తెలియదు. ఆ ఏడాది నన్ను నిలబెట్టింది ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచే ఐదారుగురు ఆడవాళ్ళు. ఒకామె బ్యాంకు ఉద్యోగి, ఒకామె టైలరు, ఇద్దరు గృహిణులు. నడుస్తూ నడుస్తూ ఒకరోజు బ్యాండ్ గురించి చెప్పేశాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. "కూర్చుని తింటున్నావా అయితే? అదృష్టవంతురాలివి" అంది టైలరామె. ఇప్పుడు 84 దగ్గరున్నాను. ఇప్పటికీ నేను లావుపాటి మనిషినే. కానీ నా రెండు పాదాలూ, పది వేళ్ళూ ఉన్నాయి.

ఇప్పుడు బ్యాండ్ వేయడం బాగా తగ్గిపోయింది. చాలామందికి కొన్నేళ్ళకి తీసేయాల్సి వచ్చింది. జీర్ణాశయాన్ని కుదించే స్లీవ్, దారి మళ్ళించే బైపాస్ ఎక్కువ చేస్తున్నారు. ఆకలి తగ్గించే ఇంజెక్షన్లూ వచ్చాయి. నాది మాత్రం ఇంకా ఉంది, కాస్త వదులుగా. ఏ పద్ధతి అయినా చివరికి ఇచ్చే కాగితం ఇంచుమించు అదే.

మొన్న మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అమ్మాయి నా దగ్గరికొచ్చింది. నెమ్మదిగా అడిగింది, "మేడమ్, నేనూ సర్జరీ చేయించుకోనా?" తన బరువు, షుగర్, ఇంటి పరిస్థితి అన్నీ చెప్పింది. చేయించుకోమనో వద్దనో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. మంచి సర్జన్‌ని కలవమన్నాను. ఆ లోపల చేయమని ఒక పని చెప్పాను. మడతల దగ్గర చిరిగిపోతున్న ఆ కాగితాన్ని జెరాక్స్ తీసి ఇచ్చాను. "ఒక నెల ఇది నీ ఇంట్లో అమలు చేసి చూడు. బరువు కోసం కాదు, ఎక్కడ ఎవరు అడ్డొస్తారో తెలుసుకోవడానికి. ఆపరేషన్ అయ్యాక నీకు కావలసింది అదే."

నెల తర్వాత కారిడార్‌లో కనిపించింది.

"ఎంతవరకొచ్చింది?" అన్నాను.

"మొదటి వాక్యం దగ్గరే ఉన్నాను మేడమ్" అంది. "మా ఇంట్లో డైనింగ్ టేబుల్‌కి నాలుగే కుర్చీలు. మేం ఐదుగురం. ఇన్నాళ్ళూ ఎవరికీ తేడా తెలియలేదు. ఆదివారం ఐదో కుర్చీ కొంటున్నాను."